కారు తీగల్లో సంభాషణ: నేర్చుకునేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి?

బ్రేకు పెడల్ నొక్కగానే కారు వెనక దీపం వెలగడానికి ఒకప్పుడు ఒక స్విచ్చు, ఒక తీగ సరిపోయేవి. ఇప్పటి చాలా కార్లలో ఆ సమాచారం ముందు ఒక కంట్రోల్ యూనిట్‌కు చేరి, సందేశంగా మారి, దీపాలను, ఇంజిన్‌ను, ఏబీఎస్‌ను చూసుకునే మిగతా యూనిట్లన్నిటికీ బస్ అనే ఒకే తీగల జంట మీదుగా అందుతుంది. ఈసీయూలని పిలిచే ఇలాంటి చిన్న కంప్యూటర్లు మామూలు కారులో కూడా పదుల సంఖ్యలో ఉంటాయి. వాటి మధ్య నడిచే సమాచారాన్ని గమనించడం ఒక పని, దాన్ని ల్యాప్‌టాప్ మీద తిరిగి పుట్టించడం ఇంకో పని. వాహన ఎలక్ట్రానిక్స్‌లోకి అడుగుపెట్టే విద్యార్థికి రెండూ కావాలి. రెండో పనికి కారు అక్కర్లేదు, పరికరం అక్కర్లేదు కాబట్టి చాలా పాఠాలు దానితోనే మొదలై, కొన్ని దానితోనే ముగుస్తాయి. ఇందులో నాకు పెద్ద లోపం కనిపిస్తోంది. అసలు బస్ మీద తీసిన రికార్డుతో పోల్చి చూడని సిమ్యులేషన్ విద్యార్థికి సందేశాల భాష నేర్పగలదు గానీ, ఆ సందేశాలు ఎప్పుడు చేరతాయో, ఎందుకు చేరవో, ఎవరు పంపారో నేర్పలేదు. ఉద్యోగంలో అతనికి ఎదురయ్యే చిక్కులన్నీ దాదాపుగా ఆ మూడింటిలోనే ఉంటాయి.

ఎందుకో తెలియాలంటే ఈ యూనిట్లు మాట్లాడుకునే క్యాన్ బస్ పుట్టుక దగ్గరికి వెళ్లాలి. జర్మనీలోని బాష్ సంస్థలో 1983లో మొదలైన ఈ పని 1986 ఫిబ్రవరిలో డెట్రాయిట్‌లో జరిగిన వాహన ఇంజినీర్ల సంఘం ఎస్‌ఏఈ సదస్సులో లోకానికి తెలిసింది. మరుసటి ఏడాదికే ఇంటెల్, ఫిలిప్స్ దీనికోసం చిప్‌లు తయారుచేశాయి. 1993లో ఐఎస్‌ఓ 11898 ప్రమాణంగా స్థిరపడింది. కార్లలో పెరిగిపోతున్న తీగల బరువును తగ్గించి, యూనిట్ల మధ్య నమ్మకమైన సంభాషణ ఏర్పాటు చేయడం దాని లక్ష్యం. అందుకు ఎంచుకున్న పద్ధతి చాలా తెలివైనది. ఒక్కో సందేశానికి 11 బిట్ల గుర్తింపు సంఖ్య ఉంటుంది, అవసరమైతే 29 బిట్లది. ఆ సంఖ్య సందేశంలో ఏముందో చెబుతుంది, ఎవరు పంపారో చెప్పదు. ఇద్దరు ఒకేసారి మొదలుపెడితే చిన్న సంఖ్య ఉన్న సందేశం ఏ నష్టమూ లేకుండా ముందుకు సాగుతుంది, రెండోది ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. తీగ మీద సున్నా బిట్ ఒకటి బిట్‌ను అణచేస్తుంది కాబట్టి ఈ పోటీ దానంతట అదే తేలిపోతుంది, మధ్యవర్తి అవసరం లేదు. చీకట్లో రచ్చబండ దగ్గర చేరినవాళ్లలాగా ఎవరు మాట్లాడినా అందరికీ వినిపిస్తుంది, మాట్లాడినవారి పేరు మాత్రం మాటలో ఉండదు. గమనించడం సులువు కావడానికీ, గమనించినదాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం కూడా అంతే సులువు కావడానికీ కారణం ఇదే. ఎవరి మాటనైనా ఎవరైనా పలకగలగడానికీ మూలం ఇక్కడే ఉంది.

గమనించడంలో తొలి అడుగుకు మంచి ఉదాహరణ డయాగ్నోస్టిక్ సంభాషణ. అమెరికాలో 1996 నుంచి కార్లకు ఓబీడీ-2 అనే డయాగ్నోస్టిక్ ప్రమాణం తప్పనిసరి, 2008 నుంచి అది క్యాన్ మీదే నడవాలన్న నిబంధన వచ్చింది. దాని సాకెట్‌లో 6, 14 పిన్నులు క్యాన్‌వి. పరికరం 7డీఎఫ్ అనే గుర్తింపుతో 02 01 0సీ అని పంపితే ఇంజిన్ వేగం చెప్పమని అర్థం. ఇంజిన్ ఈసీయూ 7ఈ8 గుర్తింపుతో 04 41 0సీ 1ఏ ఎఫ్8 అని జవాబిచ్చిందనుకుందాం. చివరి రెండు బైట్లు దశాంశంలో 26, 248. మొదటిదాన్ని 256తో హెచ్చించి రెండోది కలిపి నాలుగుతో భాగిస్తే నిమిషానికి 1726 చుట్లు వస్తాయి. ఈ లెక్క ప్రమాణంలో రాసి ఉంది, ఏ కారుకైనా ఒకటే. కానీ ఇది అడిగితే చెప్పే సమాచారం. కారు తనలో తాను అడగకుండానే పంపుకునే వందల సందేశాలకు అలాంటి బహిరంగ నిఘంటువు లేదు. వాటి అర్థం తయారీదారు దగ్గరున్న డీబీసీ ఫైళ్లలో ఉంటుంది. ఏ బిట్ నుంచి ఏ బిట్ వరకు ఏ విలువ, దాన్ని ఎంతతో హెచ్చించాలి, ఎంత కలపాలి, బైట్ల వరుస ఎటు నుంచి ఎటు అన్నవన్నీ ఆ ఫైలు చెప్పాలి. బైట్ల వరుస తారుమారైతే తెర మీద చెత్త కనిపిస్తే బాగుండేది, తప్పు వెంటనే దొరికేది. చాలాసార్లు కనిపించేది నమ్మదగినట్టే ఉండే అంకె. బండి వేగం పెంచినప్పుడు పెరిగి, తగ్గించినప్పుడు తగ్గే అంకెను చూసి ఇదే వేగమని తేల్చేసుకున్న విద్యార్థి, అది చక్రాల్లో ఒకదాని వేగమో గేర్‌బాక్సు షాఫ్ట్ వేగమో కావచ్చని ఆలోచించడు. మలుపులో లోపలి చక్రం, బయటి చక్రం వేర్వేరు వేగాలతో తిరుగుతాయి కాబట్టి అనుమానం తీర్చే పరీక్ష మలుపులోనే ఉంది. ఇలాంటి ఆలోచన అసలు బస్ మీద రికార్డు చేసిన లాగ్‌తో కుస్తీ పట్టినప్పుడే వస్తుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. వినడం పూర్తిగా నిశ్శబ్దమైన పని అనుకుంటాం, క్యాన్ బస్ మీద అలా ఉండదు. ఒక్కో సందేశం ఫ్రేమ్ అనే మూటగా వెళ్తుంది, ప్రతి ఫ్రేమ్ చివర్లో ఒక రసీదు బిట్ ఉంటుంది. ఫ్రేమ్‌ను సరిగ్గా అందుకున్న ప్రతి నోడ్, అంటే బస్‌కు తగిలించిన ప్రతి యూనిట్, ఆ చోట తన సంతకం పెడుతుంది. మామూలు రీతిలో తగిలించిన పరికరం కూడా పెడుతుంది. అంతేకాదు, బస్ సెకనుకు 500 కిలోబిట్ల వేగంతో నడుస్తుంటే పరికరాన్ని 250 దగ్గర పెట్టి తగిలిస్తే, దానికి ప్రతి ఫ్రేమూ తప్పుగా కనిపించి, తప్పు జరిగిందని కేక పెడుతూ అందరి సంభాషణనూ పాడుచేస్తుంది. అందుకే తెలియని బస్‌కు పరికరాన్ని వినడానికి మాత్రమే అనే రీతిలో పెట్టాలి. ఆ రీతికీ ఒక మెలిక ఉంది. బల్ల మీద ఒక పంపే నోడ్‌ను, వినే పరికరాన్ని మాత్రమే కలిపి, వినేదాన్ని ఈ రీతిలో పెడితే రసీదు ఇచ్చేవారే ఉండరు. పంపే నోడ్ అదే ఫ్రేమ్‌ను ఆగకుండా మళ్లీ మళ్లీ పంపుతుంది. దాని తప్పుల లెక్క 127 దాటి ఎర్రర్ ప్యాసివ్ స్థితికి వెళ్తుంది, అక్కడే నిలిచిపోతుంది. రసీదు రాకపోవడం ఒక్కటే కారణమైతే లెక్క 255 దాటి, బస్ నుంచి పూర్తిగా తప్పుకునే బస్-ఆఫ్ స్థితికి పోకుండా ప్రమాణమే అడ్డుకుంటుంది. ఈ చిన్న వివరం తెలియక, ప్రోగ్రాంలో ఎక్కడో లూప్ తప్పిందని గంటల తరబడి కోడ్ వెతికే అవకాశం ఉంది. అలాగే, విద్యుత్తు ఆపి రెండు తీగల మధ్య మల్టీమీటర్ పెడితే దాదాపు 60 ఓమ్‌లు రావాలి, ఎందుకంటే రెండు చివర్ల 120 ఓమ్‌ల నిరోధకాలు సమాంతరంగా ఉంటాయి. 120 వస్తే ఒక చివర ఆ నిరోధకం, అంటే టెర్మినేషన్, లేదన్నమాట. ఈ పరీక్షకు సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు, మీటర్ చాలు.

ఎక్కడ నిలబడి వింటున్నామన్నది కూడా తేల్చుకోవాలి. కొత్త కార్లలో చాలావాటికి ఓబీడీ సాకెట్‌కూ లోపలి బస్‌లకూ మధ్య సందేశాలను వడపోసే గేట్‌వే ఉంటుంది. ఫియట్ క్రైస్లర్ తన 2018 మోడళ్ల నుంచి సెక్యూర్ గేట్‌వే పెట్టడం మొదలుపెట్టింది. అలాంటి బండిలో సాకెట్ దగ్గర ఏమీ వినిపించలేదంటే లోపల నిశ్శబ్దంగా ఉందని అర్థం కాదు. చవకగా దొరికే ఈఎల్‌ఎమ్327 తరహా పరికరాలు డయాగ్నోస్టిక్ ప్రశ్నలకు బాగానే పనికొస్తాయి. కానీ మొత్తం బస్‌ను వినబోతే వాటి సన్నని సీరియల్ దారి చాలక బఫర్ నిండిపోయిందన్న సందేశం వస్తుంది. అప్పుడు లాగ్‌లో లేని ఫ్రేమ్ బస్ మీద కూడా లేదని రాసుకుంటే తప్పు. కాలముద్రల విషయమూ ఇంతే. సమయాన్ని పరికరంలోని గడియారం వేసిందా, యూఎస్‌బీ దాటి వచ్చాక కంప్యూటర్ వేసిందా అన్నదాన్ని బట్టి 10 మిల్లీసెకన్లకోసారి రావాల్సిన సందేశం క్రమంగా వస్తున్నట్టో గుంపుగా వస్తున్నట్టో కనిపిస్తుంది.

ఇక సిమ్యులేషన్. ఇక్కడ మెట్లు చాలా ఉన్నాయి, ఒక్కో మెట్టు ఒక్కో ప్రశ్నకు జవాబిస్తుంది. కింది మెట్టు లైనక్స్‌లోని వర్చువల్ క్యాన్. ఫోక్స్‌వ్యాగన్ పరిశోధన విభాగం అందించిన సాకెట్‌క్యాన్ 2008లో లైనక్స్ 2.6.25 కెర్నెల్‌లో చేరింది. దానితో పాటు వాడే క్యాన్‌డంప్, క్యాన్‌సెండ్, క్యాన్‌ప్లేయర్ వంటి చిన్న ఉపకరణాలు ఉచితం. క్రెయిగ్ స్మిత్ రాసిన ఐసీసిమ్ తెర మీద స్పీడోమీటరునూ తలుపులనూ చూపిస్తూ, ఏ ఫ్రేమ్ దేనిని కదుపుతోందో కనిపెట్టమంటుంది. తొలి ఉత్సాహానికి ఇంతకన్నా మంచి సాధనం నాకు తెలియదు. పై మెట్లలో జర్మనీ సంస్థ వెక్టర్ తయారుచేసిన క్యానలైజర్, క్యానో ఉన్నాయి. వాటిలో క్యాపిల్ అనే భాషలో రాసిన నోడ్‌లు ఇంకా తయారుకాని ఈసీయూల స్థానంలో మాట్లాడతాయి. ఒక్క అసలు ఈసీయూను బల్ల మీద పెట్టి, కారులోని మిగతావన్నీ ఉన్నట్టు దాన్ని నమ్మించడాన్ని రెస్ట్‌బస్ సిమ్యులేషన్ అంటారు. ఆ పైన సెన్సర్ల విద్యుత్ సంకేతాలను కూడా పుట్టించే హార్డ్‌వేర్-ఇన్-ద-లూప్ యంత్రాలున్నాయి.

కింది మెట్టు దగ్గరే కాస్త ఆగాలి, ఎందుకంటే విద్యార్థుల్లో ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. వర్చువల్ క్యాన్‌కు బిట్ వేగం లేదు. రెండు ప్రోగ్రాములు ఒకేసారి పంపితే గుర్తింపు సంఖ్యల పోటీ జరగదు, కెర్నెల్‌కు ఏది ముందు చేరితే అదే ముందు వెళ్తుంది. రసీదు బిట్ లేదు, కాబట్టి వినేవారు ఎవరూ లేకపోయినా పంపడం విజయవంతమే. తప్పుల లెక్క పెరగదు, బస్-ఆఫ్ రాదు, టెర్మినేషన్ తీసేయడానికి అసలు తీగే లేదు. క్యాన్‌ను క్యాన్‌గా నిలబెట్టే లక్షణాల్లో సందేశ రూపం తప్ప మిగతావన్నీ అక్కడ మాయమయ్యాయి. అంతమాత్రాన అది పనికిరాదనడం లేదు. డీకోడ్ చేసే ప్రోగ్రాం రాయడానికి, డీబీసీ ఫైలు సరిచూడటానికి, లాగ్‌ను తిరిగి ఆడించి తెర మీద మీటర్లు కదిలించడానికి అది చక్కగా సరిపోతుంది. ఆలస్యం, ప్రాధాన్యం, వైఫల్యం గురించి దానిమీద చేసిన ప్రయోగం మాత్రం ఏమీ చెప్పదు, చెప్పినట్టు మాత్రం కనిపిస్తుంది.

మరి బిట్ వేగాన్నీ ప్రాధాన్యాన్నీ సరిగ్గా లెక్కగట్టే సిమ్యులేటర్ వాడితే ఈ లోటు తీరుతుందా? కొంత తీరుతుంది, పూర్తిగా తీరదు. దీనికి ఈ రంగంలోనే ఒక గొప్ప సాక్ష్యం ఉంది. 11 బిట్ల గుర్తింపు, 8 బైట్ల డేటా ఉన్న ఫ్రేమ్, ఐదు ఒకేరకం బిట్ల తర్వాత చేర్చే స్టఫింగ్ బిట్లతో కలిపి, గరిష్ఠంగా 135 బిట్లు ఆక్రమిస్తుంది. సెకనుకు 500 కిలోబిట్ల బస్ మీద అది 270 మైక్రోసెకన్లు. ఒకసారి మొదలైన ఫ్రేమ్‌ను ఎంత ముఖ్యమైన సందేశమైనా ఆపలేదు, అది ముగిసేదాకా ఆగాల్సిందే. ఈసీయూల గడియారాలు ఒకదానితో ఒకటి కలిసి నడవవు కాబట్టి అన్ని సందేశాలూ ఒకే క్షణంలో పోటీపడే దుర్ముహూర్తం ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఎన్ని గంటలు రికార్డు చేసినా, ఎన్ని గంటలు సిమ్యులేట్ చేసినా ఆ క్షణం మన కంటపడుతుందన్న హామీ లేదు. అందుకే యార్క్ విశ్వవిద్యాలయంలో కెన్ టిండెల్, ఆయన సహచరులు 1994లో ప్రతి సందేశానికీ అత్యధిక ఆలస్యం ఎంతో గణితంతో తేల్చే పద్ధతి ఇచ్చారు. వోల్వో తన ఎస్80 కారు నెట్‌వర్క్ రూపకల్పనలో ఆ పద్ధతిని వాడుకుంది. పరీక్షల మీదే ఆధారపడినప్పుడు బస్‌ను 30, 40 శాతానికి మించి నింపడానికి జంకేవారు. లెక్క చేతిలో ఉంటే 80 శాతం దాకా నింపవచ్చన్న ధైర్యం వచ్చింది. తీరా 2007లో రాబర్ట్ డేవిస్, అలన్ బర్న్స్, రైండర్ బ్రిల్, యోహాన్ లుక్కియన్ కలిసి ఆ గణితంలోనే లోపం ఉందని చూపించారు. కొన్ని పరిస్థితుల్లో అత్యధిక ఆలస్యం సందేశం మొదటిసారి వచ్చినప్పుడు కాక, అదే రద్దీలో రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు కలుగుతుంది. పాత పద్ధతి మొదటిదాన్ని మాత్రమే చూసింది. పదమూడేళ్లపాటు నిపుణులే గమనించని లోపం ఇది. సిమ్యులేషన్ తెర మీద అంతా పచ్చగా కనిపించిందని నెట్‌వర్క్‌ను నమ్మేయడం ఎంత తొందరపాటో దీన్నిబట్టి చూడవచ్చు. కొలత, సిమ్యులేషన్, గణితం మూడూ ఒకదాన్నొకటి నిలదీయాలి.

దీనికి మొదట వచ్చే అభ్యంతరం డబ్బు గురించి. కారు లేని, ఖరీదైన పరికరం కొనలేని విద్యార్థికి వర్చువల్ క్యాన్ తప్ప ఏముంది? నిజమైన ఇబ్బందే ఇది. అయితే అసలు బస్‌కు కారే అవసరం లేదు. ఎమ్‌సీపీ2515 కంట్రోలర్ ఉన్న చిన్న బోర్డులు రెండు, ఆర్డుయినోలు రెండు, మెలిపెట్టిన తీగల జంట, రెండు నిరోధకాలు ఉంటే బల్ల మీద నిజమైన క్యాన్ బస్ తయారవుతుంది. నలుగురు విద్యార్థులు కలిసి పెట్టుకోగల ఖర్చే. పైగా కారు నేర్పని పాఠాలు అది నేర్పుతుంది. ఆ బోర్డుల్లో కొన్నిటి మీద 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, కొన్నిటి మీద 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ ఉంటుంది. ప్రోగ్రాంలో ఒకటి రాసి బోర్డు మీద ఇంకొకటి ఉంటే బిట్ వేగం సగమో రెట్టింపో అయిపోయి ఒక్క ఫ్రేమూ దాటదు. బస్ మౌనంగా ఉన్నప్పుడు రెండు తీగల మీదా దాదాపు 2.5 వోల్టులు, సున్నా బిట్ పలికినప్పుడు ఒకటి 3.5కి ఎక్కి రెండోది 1.5కి దిగడం అన్న వాక్యం పుస్తకంలో అందరూ చదివేదే. కళాశాల ల్యాబ్‌లోని ఆసిలోస్కోప్ మీద చూస్తే అది కళ్లకు కట్టినట్టుంటుంది. ఒక చివర నిరోధకం పీకేసినప్పుడు అంచులు ఎలా చెదిరిపోతాయో కూడా అక్కడే కనిపిస్తుంది.

పరిశ్రమ అడిగేది క్యానో, క్యాపిల్ అనుభవం, ఈ లైనక్స్ ఉపకరణాలూ ఆర్డుయినోలూ ఎవరికి కావాలని ఇంకొందరు అంటారు. హైదరాబాద్‌లో 2017లో సాంకేతిక కేంద్రం తెరిచిన జెడ్‌ఎఫ్ లాంటి సంస్థలు ఉన్నప్పుడు తెలుగు విద్యార్థికి ఇది ఉపాధి ప్రశ్న కూడా, తేలిగ్గా తీసుకోకూడదు. క్యానో నేర్చుకోవాలి, సందేహం లేదు. కానీ ఆ ఉపకరణంలో బొత్తాలు ఎక్కడున్నాయో కొద్ది వారాల్లో వచ్చేస్తుంది. ట్రేస్ కిటికీలో ఎర్రర్ ఫ్రేమ్ కనిపించినప్పుడు అది తీగలో లోపమా, వేగంలో తేడానా, ఒకే గుర్తింపుతో ఇద్దరు పంపుతున్నారా అని విడదీసే చూపు మాత్రం ఉపకరణంతో రాదు.

మూడో అభ్యంతరం బరువైనది. వినడం, పలకడం నేర్పితే దొంగలకు దారి చూపినట్టు కాదా? వాషింగ్టన్, శాన్ డియాగో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2010లోనే ఒక కారు బస్ మీదికి ఫ్రేములు పంపి బ్రేకులను అదుపులోకి తీసుకున్నారు. 2015లో చార్లీ మిల్లర్, క్రిస్ వాలసెక్ జీప్ చెరోకీని దూరం నుంచే అదుపు చేశాక ఫియట్ క్రైస్లర్ 14 లక్షల వాహనాలను వెనక్కి పిలవాల్సి వచ్చింది. బస్‌లోని తప్పుల లెక్కనే ఆయుధంగా మార్చి ఆరోగ్యంగా ఉన్న ఈసీయూను బస్-ఆఫ్‌కు నెట్టవచ్చని 2016లో క్యోంగ్-తక్ చో, కాంగ్ షిన్ చూపారు. 2023లో హెడ్‌లైట్ వెనక తీగల ద్వారా నకిలీ ఫ్రేములు పంపి టయోటా రావ్4ను దొంగిలించే పద్ధతి బయటపడింది. దాన్ని విడమరిచి లోకానికి చెప్పినవారిలో పైన చెప్పిన టిండెల్ కూడా ఉన్నారు. ఈ ఘటనలు చూపేది ఒకటే, సందేశంలో పంపినవారి పేరు లేకపోవడం అనే పాత నిర్ణయం ఇప్పుడు ఎంత ఖరీదైందో. రక్షణకు కావాల్సింది కూడా వినగలిగేవాళ్లే. 10 మిల్లీసెకన్లకోసారి రావాల్సిన సందేశం ఐదుకోసారి వస్తోందంటే రెండో గొంతు చేరిందని పసిగట్టేది ఆ అలవాటున్న మనిషో, ఆ మనిషి రాసిన ప్రోగ్రామో. అయితే ఇక్కడ ఒక గీత గట్టిగా గీయాలి. కదిలే బండి బస్ మీదికి, సొంత బండైనా సరే, నేర్చుకునేవాళ్లు ఒక్క ఫ్రేమ్ కూడా పంపకూడదు. 2010 నాటి పరిశోధకులే కదిలే కారు మీది ప్రయోగాలకు వాడుకలో లేని విమానాశ్రయ రన్‌వే వెతుక్కున్నారు. రికార్డు చేసిన లాగ్‌ను అదే కారు మీద తిరిగి ఆడించడం కూడా ప్రమాదమే. అసలు ఈసీయూ ఇంకా మాట్లాడుతూనే ఉంటుంది, ఒకే గుర్తింపుతో వేర్వేరు డేటా ఢీకొంటే ఆ ఈసీయూ తప్పుల లెక్క పెరిగి బస్ నుంచి తప్పుకోవచ్చు. తిరిగి ఆడించడానికి బల్ల మీది బస్ ఉంది.

క్యాన్ పాతబడిపోయింది, ఈథర్‌నెట్ వస్తోందన్న మాటా వినిపిస్తోంది. నిజమే, కెమెరాలు, రాడార్‌ల డేటాకు క్యాన్ చాలదు. ఒకే తీగల జంట మీద 100 మెగాబిట్ల ఈథర్‌నెట్‌కు 2015లోనే ప్రమాణం వచ్చింది. క్యాన్ కూడా ఊరుకోలేదు, 2012లో బాష్ తెచ్చిన క్యాన్ ఎఫ్‌డీ ఫ్రేమ్‌లో 64 బైట్ల దాకా మోస్తుంది. లారీలు, బస్సులు, ట్రాక్టర్లలో క్యాన్ మీద నడిచే జే1939 బలంగా ఉంది. కానీ నా వాదనకు ఈ మార్పు ఎదురు రాదు, దాన్ని ఇంకా పదునుపెడుతుంది. స్విచ్‌లతో నడిచే ఈథర్‌నెట్‌లో అందరి మాట అందరికీ వినిపించదు. రెండు పోర్టుల మధ్య సంభాషణ మూడో పోర్టుకు రాదు కాబట్టి మిర్రర్ పోర్టో ట్యాపో పెట్టాలి. అప్పుడు ఎక్కడ నిలబడి వింటున్నాం, ఏది మనకు వినిపించడం లేదు అన్న ప్రశ్న క్యాన్‌లో కన్నా ముందే అడగాల్సి వస్తుంది. వాహనాలు ఒకదానితో ఒకటి రేడియోలో మాట్లాడుకునే వీ2ఎక్స్ రంగం వేరే పెద్ద అధ్యాయం. జర్మనీ అంతరిక్ష సంస్థ డీఎల్‌ఆర్ తయారుచేసిన సుమో ట్రాఫిక్‌ను, ఓమ్నెట్ రేడియో సంభాషణను అనుకరిస్తే, వీన్స్ ఆ రెంటినీ కలుపుతుంది. అక్కడ వందల బండ్లతో రోడ్డు మీద ప్రయోగం చేయలేం కాబట్టి సిమ్యులేషన్‌కే పెద్దపీట. అయినా ఐఐటీ హైదరాబాద్‌లోని టిహాన్ కేంద్రం స్వయంచాలిత వాహనాలకు అసలు ట్రాక్ కట్టుకోవాల్సి వచ్చింది.

కాబట్టి తొలి పాఠ్యక్రమం ఇలా ఉండాలని నా అభిప్రాయం. మొదటి వారం మల్టీమీటరు, బల్ల మీది రెండు నోడ్‌లు, టెర్మినేషన్ తీసి పెట్టడం. ఆ తర్వాత అనుమతి ఉన్న, నిలిపి ఉంచిన బండి నుంచి వినడానికి మాత్రమే అనే రీతిలో తీసిన పది నిమిషాల లాగ్. దాని నుంచి ప్రతి గుర్తింపు సంఖ్యకూ సగటు వ్యవధి, అందులో హెచ్చుతగ్గులు, సెకనుకు బస్ నిండిన శాతం లెక్కగట్టాలి. ప్రతిసారీ ఒక్కోటి పెరిగే కౌంటర్ బిట్లు, వాటి పక్కన మారిపోయే చెక్‌సమ్ బైటు ఎక్కడున్నాయో వెతకాలి. అప్పుడు గానీ సిమ్యులేషన్ మొదలుపెట్టకూడదు. అదే సందేశాలను, అవే వ్యవధులతో, పైథాన్‌లోనో క్యాపిల్‌లోనో పుట్టించి, బల్ల మీది బస్ మీద మళ్లీ రికార్డు చేసి, రెండు లాగ్‌లనూ పక్కపక్కన పెట్టాలి. అసలు లాగ్‌లో 10 మిల్లీసెకన్ల సందేశం ఒక్కోసారి 9.8కి, ఒక్కోసారి 10.3కి వస్తూ, సిమ్యులేషన్‌లో మాత్రం గీత గీసినట్టు పదికే వస్తుంటే ఆ 0.3 ఎక్కడి నుంచి వచ్చిందో విద్యార్థి వెతకాలి: ముందు వెళ్లిన పెద్ద ప్రాధాన్యపు ఫ్రేములా, ఈసీయూలోని పనుల వరుసా, రికార్డు చేసిన పరికరపు గడియారమా. మూడింటినీ విడివిడిగా పరీక్షించే ప్రయోగాలు ఆ బల్ల మీదే చేయవచ్చు.